మెట్టు మీద జావ గ్లాసు

రాగి జావ మనిషి తాగేది కాదు. దీని మీద జక్కయ్య ఎవరితోనూ వాదించడు. వాదించడానికి ఏముంది? జ్వరం వచ్చినవాళ్ళు తాగుతారు, పళ్ళు రానివాళ్ళు తాగుతారు, పోబోయేవాళ్ళు తాగుతారు. అతని భార్య సీతమ్మ ఆఖరి రెండు నెలలూ జావ మీదే ఉంది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. కాలవ కింద వరి చేల మధ్య పుట్టి, మూడు పూటలా అన్నమే తిని అరవై మూడేళ్ళు బతికినవాడికి తిండి గురించి ఇంకొకరు చెప్పాల్సింది లేదు.

అలాంటి జక్కయ్య చేతిలో ఒక ఆదివారం పొద్దున కోడలు శివపార్వతి స్టీలు గ్లాసు పెట్టింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"జావ, మావయ్యా."

"నాకేం రోగం వచ్చిందని?"

"మీకు కాదు, పాపకి."

"పాపకైతే పాపకే ఇయ్యి."

"మీరు తాగితేనే తాను తాగుతానంటోంది."

పాప అంటే సాయిశ్రీ, నాలుగో తరగతి. శుక్రవారం బడికి డాక్టర్లు వచ్చి పిల్లలందరికీ రక్తం పరీక్ష చేశారు. సాయిశ్రీకి హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉంది. మాత్రలిచ్చి, ఆకుకూరలు, రాగులు, గుడ్లు, పల్లీలు పెట్టమని కాగితం మీద రాశారు. నెల తరువాత మళ్ళీ చూస్తామన్నారు.

కాగితం రాయడం తేలిక. పార్వతి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్లో బిల్లులు కొడుతుంది. తొమ్మిదిన్నరకల్లా కౌంటర్లో ఉండాలి, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆమె భర్త కిరీటి కాలేజీ బస్సు నడుపుతాడు, తెల్లారకుండానే వెళ్ళిపోతాడు. అందుకని ఆ ఇంట్లో పొద్దున బండి మీది ఇడ్లీ, సాయంత్రం చిప్స్ ప్యాకెట్టు, మధ్యలో దొరికింది దొరికినట్టు. దానిమ్మకాయలూ బాదం పప్పులూ వాళ్ళ బజారులో ఉంటాయి గానీ వాళ్ళ సంచిలోకి రావు.

పార్వతి రెండు రోజులు ఆలోచించి క్యాలెండరు కాగితం వెనక ఒక పథకం రాసింది. రాగులూ కొర్రలూ వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లో చవక. మునగాకు ఎదురింటి తెరేసమ్మ చెట్టుది, ఊరికే ఇస్తుంది. రాత్రి పెసలు నానేస్తే పొద్దునకి అవే మొలకలు. పప్పులో మునగాకు వేసి కుక్కర్ పెడితే మూడు కూతలు. బెల్లంతో పల్లీ ఉండలు ఆదివారం చేసుకుంటే వారమంతా సరిపోతాయి.

"అందరికీ ఒకటే వంట మావయ్యా. రెండు రకాలు చేసే టైము నాకు లేదు."

"కొర్రలు పిట్టలకేసేవి కదమ్మా."

"సగం బియ్యం, సగం కొర్రలు. సగం మనిషికి, సగం పిట్టకి అనుకోండి."

జక్కయ్య నవ్వలేదు. సాయిశ్రీ తన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అతన్నే చూస్తోంది. "నెల రోజులు తాతా. నువ్వొక గుక్క, నేనొక గుక్క. నువ్వు ఆపితే నేనూ ఆపుతా."

అతను ఒక గుక్క తాగాడు. ఆమె ఒక గుక్క తాగింది. ఇద్దరిదీ ఒకే మొహం.

"ఇంకో మాట," అంది పార్వతి. "పాపకి రక్తం తక్కువని వీధిలో ఎవరికీ చెప్పకండి. తెరేసమ్మ గారికి తెలిసిందంటే దీని పెళ్ళినాటిక్కూడా అదే చెబుద్ది."

"చెప్పను."

జక్కయ్య చెప్పనంటే చెప్పడు. తరువాత జరిగినదంతా ఈ ఒక్క మంచి గుణం వల్లే జరిగింది.

వాళ్ళ ఇల్లు పటమటలో ఒక ఇరుకు సందులో ఉంది. ఏడుంబావుకి సాయిశ్రీ ఆటో వస్తుంది. ఆటో కోసం ఆమె వీధి మెట్టు మీద కూర్చుంటుంది, కాబట్టి తాతా అక్కడే కూర్చోవాలి. ఒక గుక్క నువ్వు, ఒక గుక్క నేను. నాలుగో రోజున తెరేసమ్మ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపింది. మునగాకు ఇచ్చేది ఆమే అయినా, జావ చూసేదాకా ఆమెకు అనుమానం రాలేదు.

"ఏంటన్నయ్య గారూ, రోజూ జావ తాగుతున్నారు?"

"తాగుతున్నా."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి జావెందుకండీ?"

జక్కయ్య మనవరాలి వైపు చూశాడు. మనవరాలు గ్లాసులోకి చూసింది.

"తాగాలి కాబట్టి," అన్నాడు.

తెరేసమ్మ మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది, మరీ మెల్లగా. జబ్బేమీ లేదు అన్నవాడికి ఆ సందులో ఏదో ఒకటి ఉంటుంది. తాగాలి కాబట్టి అన్నవాడికి పెద్దదే ఉంటుంది.

ఆమె కొడుకు స్టీఫెన్ ఆటోనగర్‌లో జక్కయ్య పనిచేసే చోటే పనిచేస్తాడు. అది రామకోటేశ్వరరావు గారి లేత్ షాపు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ పెద్ద లేత్ జక్కయ్యది. లారీల షాఫ్టులు, డ్రమ్ములు, అతని చేయి పడకుండా కదలవు. సీతమ్మ పోయాక ఇంట్లో అతనికి కూర్చునే చోటు తోచలేదు. లేత్ ముందు మాత్రం నిలబడే చోటు ఉంది. అది కూడా పోతే ఏమిటన్నది అతను ఆలోచించే విషయం కాదు.

ఆ షాపులో మధ్యాహ్నం నలుగురూ కింద పేపరు పరుచుకుని కూర్చుంటారు. ఎవరి క్యారేజీ వాళ్ళదే అయినా, కూర మాత్రం ఎవరిది వాళ్ళు తినరు. ఒక్కో గరిటె అందరి మూతల్లోనూ వేయాలి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. అలాంటి చోట, ఆ వారం జక్కయ్య క్యారేజీ మూత సగమే తీసి, గోడవైపు తిరిగి తిన్నాడు. కాలవ కింద పుట్టినవాడు కొర్రన్నం తింటుంటే నలుగురూ చూడటం అతనికి ఇష్టం లేదు.

"బాబాయ్, ఇవాళ ఏం కూర?" అన్నాడు స్టీఫెన్ మూత చాపి.

"నీకు పడదు."

"నీకు పడిందిగా?"

"నాకు పడాలి."

స్టీఫెన్ మూత వెనక్కి తీసుకున్నాడు. ఆ సాయంత్రం తల్లీ కొడుకులు ఇద్దరూ తమకు తెలిసింది కలుపుకుంటే లెక్క సరిపోయింది. పొద్దున జావ. మధ్యాహ్నం పథ్యం. అడిగితే చెప్పడు. కిడ్నీలని తెరేసమ్మ, గుండె అని స్టీఫెన్. ఇద్దరూ పోట్లాడుకుని కిడ్నీల దగ్గర ఆగారు.

శనివారం తెరేసమ్మ రొట్టె ప్యాకెట్టూ గ్లూకోజు డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఇవెందుకు?"

"ఊరికే అన్నయ్య గారూ. చూసిపోదామని."

"ఎదురింట్లోనే ఉంటావు. రోజూ చూస్తూనే ఉన్నావు. నాకేం జబ్బు లేదు."

తెరేసమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయటికి వచ్చాక కొడుకుతో చెప్పింది: "పాపం, ఆయనకి తెలీదురా. ఇంట్లోవాళ్ళు ఆయనకి చెప్పలా."

ఇక జక్కయ్య ఎంత గట్టిగా లేదంటే, ఇంట్లోవాళ్ళు అంత గట్టిగా దాచినట్టయింది. షాపులోవాళ్ళు ఆపిల్స్ తెచ్చారు. పక్క వర్క్‌షాపువాళ్ళు కొబ్బరిబోండాలు తెచ్చారు. సందు చివర కిరాణా కొట్టతను బిస్కెట్లు పంపాడు. రోగిని చూడటానికి తెచ్చినవి తిప్పి పంపితే అపశకునం. పైగా జక్కయ్య రోగి కాదని ఒప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు. పార్వతి పథకంలో చిప్స్ మానేసిన పిల్ల బిస్కెట్లు రెండు చేతులా తినడం మొదలుపెట్టింది.

"తాతా, నీకు జబ్బు ఎన్నాళ్ళుంటది?" అంది, క్రీము నాకుతూ.

కాలేజీ బస్సు రిపేరుకి ఆటోనగర్ తెచ్చినప్పుడు కిరీటి చెవిన ఆ వార్త పడింది. స్టీఫెన్ అతని భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండన్నా," అన్నాడు. ధైర్యంగా ఉండాల్సిన సంగతేమిటో కిరీటికి తెలియదు. అడిగితే, తెలియనట్టు నటిస్తున్నావన్నాడు. ఇంటికొచ్చి పెళ్ళాన్ని పక్కకి పిలిచాడు.

"నిజం చెప్పు. ఆ జావ పాప కోసమేనా?"

"మరెవరి కోసం?"

"నాన్న కోసం మొదలుపెట్టి పాప పేరు చెప్తన్నావా?"

పార్వతికి అంతవరకూ ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు వచ్చింది. మొగుడే ఇలా అడుగుతున్నాడంటే, ఈ తండ్రీ కొడుకులు తన దగ్గర ఏదో దాస్తున్నారు. ఆ రోజునుంచి ఆమె మావగారి కంచంలో ఒక గుడ్డు ఎక్కువ వేసింది. తండ్రి చెప్పులు విప్పేటప్పుడు కొడుకు ఆయన చేయి పట్టుకోవడం మొదలుపెట్టాడు. జక్కయ్య చేయి విదిలించుకున్నాడు. చేయి వణుకుతోందనుకున్నాడు కొడుకు.

మంగళవారం జక్కయ్యకి చల్లపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది. ఆమె ఇంట్లో ఒక పెళ్ళిలో జక్కయ్యని పీటల మీద కూర్చోబెట్టలేదన్న కోపంతో వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

"తమ్ముడూ, అంతా మర్చిపో. నన్ను క్షమించురా."

"ఎందుకిప్పుడు?"

"నీ ఒంట్లో బాగోలేదంటగా..."

"నా ఒంట్లో బాగానే ఉంది. అందుకని నిన్ను క్షమించాల్సిన తొందరేం లేదు," అని పెట్టేశాడు.

ఇంతవరకూ జక్కయ్య దీన్ని ఈగలు ముసిరినట్టు ఓర్చుకున్నాడు. గురువారం రామకోటేశ్వరరావు గారు పిలిచారు. ఆయన షాపు గది రెండో అంతస్తులో ఉంటుంది. రోజూ హోటల్ బిర్యానీ ఆ మెట్లెక్కి పైకి వెళ్తుంది. ఆయన మాత్రం రోజుకి ఒక్కసారే ఎక్కుతారు.

"కూర్చో జక్కయ్యా."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన కూర్చోమనడం అదే మొదటిసారి. జక్కయ్య నిలబడే ఉన్నాడు.

"నువ్వు చేసింది చాలు. తిరిగే చక్ ముందు నీకు కళ్ళు తిరిగితే నేనేం కావాలి? లేత్ స్టీఫెన్ చూసుకుంటాడు. సోమవారం చిన్న ఫంక్షన్ పెట్టాం. శాలువా కప్పుతాం."

"నాకేం జబ్బు లేదండీ."

రామకోటేశ్వరరావు గారు జాలిగా తల ఊపారు. "అలాగే, అలాగే."

ఆటోనగర్‌లో శాలువా కప్పించుకున్నవాడు మళ్ళీ గేటు దాటి లోపలికి రాడు. వచ్చినా టీ తాగి పోతాడు. జక్కయ్య కిందికి దిగి లేత్ ముందు నిలబడ్డాడు. చేతి గుడ్డ తీసి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. సోమవారానికి మూడు రోజులుంది. నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు. ఇక మిగిలింది తిని చూపించడం.

జావ మానేస్తే పని తేలికే. కానీ ఒక గుక్క ఆపితే ఇంకో గుక్క ఆగిపోతుంది. పిల్లకి పరీక్ష ఇంకా పదిహేను రోజులుంది. జావ తాగుతూనే, జబ్బు లేదని ఊరందరి ముందూ నిరూపించాలి.

అవకాశం ఆదివారమే వచ్చింది. తెరేసమ్మ తన ఇంట్లో అతని ఆరోగ్యం కోసం ప్రార్థన పెట్టించింది. తరువాత భోజనాలు. పిలవడానికి ఆమె భయపడుతూ వచ్చింది, రానంటాడేమోనని.

"వస్తా," అన్నాడు జక్కయ్య. "భోజనానికి తప్పకుండా వస్తా."

సందులో షామియానా వేశారు. షాపులోవాళ్ళు అందరూ వచ్చారు. రామకోటేశ్వరరావు గారు సోమవారం శాలువా సంచితో సహా వచ్చారు, కారులో ఉంచితే మర్చిపోతానని. ప్రార్థన జరిగినంతసేపూ జక్కయ్య కళ్ళు మూసుకుని వంటల వాసన చూశాడు. తరువాత విస్తరి ముందు కూర్చున్నాడు.

పలావు వడ్డించారు. తిన్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. కోడికూర, గోంగూర పచ్చడి, గారెలు నాలుగు, ఆ పైన తెల్లన్నం, సాంబారు, మళ్ళీ తెల్లన్నం, పెరుగు. మధ్యమధ్యలో తలెత్తి ఓనరు గారి కళ్ళల్లోకి చూశాడు, చూశారా అన్నట్టు. పదిహేను రోజులు కొర్రలకి అలవాటుపడ్డ పొట్ట రెండో పలావు దగ్గరే చాలంది. అతను వినలేదు. అందరూ తనని చూస్తున్నారని అతనికి తెలుసు. నమ్ముతున్నారనుకున్నాడు.

తెరేసమ్మ కొంగుతో నోరు మూసుకుంది. "చూడండీ, ఎలా తింటున్నారో. తినాలనిపించినయ్యన్నీ తినేస్తున్నారు. మా నాన్న కూడా ఇంతే, ముందురోజు..." అని ఏడ్చేసింది.

ఆమెను చూసి పార్వతి ఏడ్చింది. ఆమెను చూసి కిరీటి. స్టీఫెన్ కూడా ఏడుస్తూనే ఇంకో గారె వేశాడు. "తిను బాబాయ్. నీ ఇష్టం. తిను."

"నాకేం జబ్బు..." అని లేవబోయిన జక్కయ్యకు పొట్టలో ఏదో అడ్డం తిరిగింది. ఛాతీ బిగిసింది. చెమట పట్టింది. అరిటాకు మీద చెయ్యి ఆనించి, పక్కకి ఒరిగిపోయాడు.

తరువాతి పది నిమిషాల్లో సందులో ఉన్న ఆటోలన్నీ ఒకే ఆస్పత్రికి వెళ్ళాయి. మొదటి ఆటోలో జక్కయ్య, కొడుకు, కోడలు. వెనక షాపు, దాని వెనక ప్రార్థన, ఆ వెనక కారులో ఓనరు గారు. డాక్టర్ కృప అనే చిన్నమ్మాయి డ్యూటీలో ఉంది. జనాన్నంతా బయటికి పంపించి, తీగలు పెట్టి, రక్తం తీసి, గంటసేపు చూసింది. చివరికి తలుపు తీసింది. బయట ముప్పైమంది నిలబడి ఉన్నారు.

"ఈయన ఏం తిన్నారు?"

కిరీటి చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఆమె ఆపింది. "గ్యాస్. అంతే."

"మరి కిడ్నీలండీ?" అంది తెరేసమ్మ.

"బాగున్నాయి."

"గుండె?" అన్నాడు స్టీఫెన్, ఆశగా.

"బాగుంది. బీపీ బాగుంది, షుగరు లేదు. ఈ వయసులో ఇంత శుభ్రమైన రిపోర్టు ఈ నెలలో నేను చూడలేదు. రోజూ ఏం తింటారు పెద్దాయనా?"

జక్కయ్య మంచం మీద పడుకుని పైకప్పు చూశాడు. పొట్ట నొప్పికన్నా ఆ ప్రశ్న ఎక్కువ బాధపెట్టింది.

"జావ!" అంది సాయిశ్రీ, జనం కాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చి. "నాకు రక్తం తక్కువైతే, నాతోపాటు తాత తాగుతున్నాడు. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. నేనూ చెప్పలా."

ముప్పైమందీ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తెరేసమ్మ మెల్లగా, "రక్తం తక్కువా? ఎంతుందేంటి?" అంది. పార్వతి నుదురు కొట్టుకుంది.

డాక్టర్ చూపు మాత్రం వేరేచోట ఉంది. "మీరు కూర్చోండి సార్. ఏంటా చెమటలు?"

"మెట్లెక్కాను కదమ్మా," అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"ఇక్కడ మెట్లు లేవు."

ఆమె ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసింది. మళ్ళీ చుట్టి చూసింది. వేలిమీద గుచ్చింది. షుగరు మిషన్ మీద అంకె చూసి నర్సుని పిలిచింది. జక్కయ్యను మంచం దిగమన్నారు. ఆ మంచం మీద ఓనరు గారిని పడుకోబెట్టారు. ఏసీ ఎక్కువగా ఉంది. ఆయనకి చలి వేస్తుంటే కప్పడానికి ఏదైనా ఉందా అని నర్సు అడిగింది. స్టీఫెన్ సంచి తీసి శాలువా ఇచ్చాడు.

జరీ అంచు గడ్డం దాకా లాక్కుని రామకోటేశ్వరరావు గారు జక్కయ్యను దగ్గరికి పిలిచారు. "నెల రోజులు కదలొద్దంటున్నారు. షాపు తాళాలు నువ్వే ఉంచుకో."

"ఫంక్షన్ అండీ?"

"ఏం ఫంక్షన్? ఎవడికి ఫంక్షన్?" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

సోమవారం జక్కయ్య పెద్ద లేత్ ఆన్ చేశాడు. మధ్యాహ్నం పేపరు పరిచి, క్యారేజీ మూత పూర్తిగా తీసి, మునగాకు పప్పు అందరి మూతల్లోనూ ఒక్కో గరిటె వేశాడు. స్టీఫెన్ రెండో గరిటె అడిగాడు. ఆ వారం పార్వతి జావకి పెద్ద గిన్నె పెట్టింది. ఒక ఫ్లాస్కు ఓనరు గారింటికి వెళ్ళేది. ఇంట్లో మిగిలిన బిస్కెట్లన్నీ, వచ్చిన దారినే, తెరేసమ్మ ఆయన్ని చూడటానికి పట్టుకెళ్ళింది. డాక్టర్ గారు చెప్పారని ఆమెని గేటు దగ్గరే ఆపేశారు.

నెల తిరిగి బడిలో మళ్ళీ పరీక్ష చేశారు. పది దాటింది. ఇంకొంచెం పెరగాలి, ఇలాగే పెట్టండి అన్నారు.

మరునాడు పొద్దున సాయిశ్రీ తన గ్లాసుతో మెట్టు మీదికి వచ్చేసరికి తాత అప్పటికే అక్కడ ఉన్నాడు, చేతిలో గ్లాసుతో. అది ఎవరూ ఇవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి తనే పోసుకున్నాడు.

"నెల అయిపోయిందిగా తాతా. నువ్వు మానెయ్యొచ్చు. నేను ఒక్కదాన్నే తాగుతాలే."

జక్కయ్య ఒక గుక్క తాగాడు.

ఎదురింటి చీపురు ఆగింది. "ఇంకా ఎందుకండీ అన్నయ్య గారూ? నచ్చిందా ఏంటి?"

జక్కయ్య గ్లాసు ఖాళీ చేసి, అడుగున అంటుకున్నది వేలితో తీసుకుని, మీసం తుడుచుకున్నాడు.

"రాగి జావ మనిషి తాగేది కాదు," అన్నాడు. "ఈ సంగతి ఇంక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు."